ద్రావణంలోని అణువును తూచడం: అల్ట్రాసెంట్రిఫ్యూజ్ పద్ధతి

నేల కణాల పరిమాణాన్ని నిర్ణయించే పిపెట్ పద్ధతి వ్యవసాయ విద్యార్థులందరికీ పరిచితమే. సేంద్రియ పదార్థాన్ని తొలగించి, సోడియం హెక్సామెటాఫాస్ఫేట్‌తో విడగొట్టిన మట్టిని లీటరు కొలజాడీలో బాగా కలియబెట్టి కదలకుండా నిలిపితే ముందుగా ఇసుక, తరువాత ఒండ్రు, చివరకు బంకమన్ను అడుగుకు దిగుతాయి. 2 మైక్రాన్ల వ్యాసం గల కణం 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 10 సెంటీమీటర్ల లోతుకు దిగడానికి సుమారు 8 గంటలు పడుతుంది. 30 డిగ్రీల వద్ద నీటి స్నిగ్ధత తగ్గుతుంది కనుక అదే దూరానికి 6 గంటల 20 నిమిషాలు చాలు. ఈ ప్రయోగంలో కణాన్ని ఎవరూ కంటితో చూడరు, త్రాసులో పెట్టి తూచరు. అది దిగిన వేగాన్ని బట్టి దాని పరిమాణాన్ని లెక్కగడతారు.

ఇదే తర్కాన్ని వేరుశనగ గింజలోని ప్రోటీనుకో, పొగాకు ఆకులోని వైరస్‌కో, నేలలోని హ్యూమిక్ ఆమ్లానికో వర్తింపజేసి వాటి అణుభారాన్ని కనుగొనడమే అల్ట్రాసెంట్రిఫ్యూజ్ పద్ధతి. నేడు అనేక ప్రయోగశాలల్లో ప్రోటీన్ల అణుభారాన్ని ఎస్‌డీఎస్ జెల్ ఎలక్ట్రోఫోరెసిస్‌తో చూస్తున్నారు. అది సులభమైనది, చౌకైనది. అయితే ఆ పద్ధతిలో ప్రోటీనును డిటర్జెంటుతో మరిగించి, అది ఎన్ని ముక్కల కూర్పో అన్ని ముక్కలుగా విడగొట్టిన తరువాతనే కొలత మొదలవుతుంది. గింజలో గాని, ఆకులో గాని ఆ ప్రోటీన్ ఏ రూపంలో ఉన్నదో జెల్ చెప్పదు. అల్ట్రాసెంట్రిఫ్యూజ్ అణువును దాని ద్రావణంలోనే, విడగొట్టకుండా తూస్తుంది. అందువల్లనే అది ఇచ్చే జవాబు అణువుకు ఎంత చెందుతుందో, ఆ ద్రావణానికీ అంతే చెందుతుంది. ఈ రెండవ విషయాన్ని విస్మరించి అణుభారపు అంకెను మాత్రమే పట్టికలో రాసుకోవడం విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలలో తరచుగా కనిపించే లోపం.

భూమ్యాకర్షణ ఎందుకు చాలదు

బంకమన్ను కణానికి భూమ్యాకర్షణ సరిపోతుంది. ప్రోటీన్ అణువుకు సరిపోదు. ఒక మధ్యరకం ప్రోటీన్ అణువు నీటిలో కేవలం భూమ్యాకర్షణకు లోనై ఒక సెంటీమీటరు దిగాలంటే, లెక్క ప్రకారం సుమారు 32 సంవత్సరాలు పడుతుంది. నిజానికి అప్పటికీ దిగదు. చుట్టూ ఉన్న నీటి అణువులు ఉష్ణ చలనం వల్ల దానిని ఎడతెరిపి లేకుండా అన్ని దిక్కులకూ నెట్టుతూనే ఉంటాయి. గాఢత ఎక్కువగా ఉన్న చోటినుండి తక్కువగా ఉన్న చోటికి జరిగే ఈ విసరణ, అవసాదనానికి ఎదురు నిలుస్తుంది.

ఈ రెండింటి మధ్య ఏర్పడే సమతాస్థితిని తొలిసారిగా స్పష్టంగా చూపినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త జాఁ పెర్రాఁ. గాంబోజ్ అనే జిగురు నుండి ఒకే పరిమాణం గల సూక్ష్మ కణాలను వేరుచేసి, నీటిలో వాటి సంఖ్య ఎత్తుతో పాటు ఎలా తగ్గుతుందో 1908 నుండి సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టాడు. సుమారు 30 మైక్రాన్ల ఎత్తుకు కణాల సంఖ్య సగానికి పడిపోయింది. భూమిపై గాలి పైకి పోయేకొద్దీ పలచబడే సూత్రమే ఇక్కడా పనిచేసింది. అదే సూత్రాన్ని హీమోగ్లోబిన్‌కు అన్వయించి చూస్తే, భూమ్యాకర్షణ కింద దాని గాఢత సగం కావడానికి 10 మీటర్లకు పైబడిన నీటి స్తంభం కావాలి. అంత స్తంభాన్ని ఏ ఉష్ణోగ్రతా భేదమూ, ఏ కదలికా లేకుండా ఏళ్ల తరబడి నిలపడం అసాధ్యం. స్తంభాన్ని పెంచలేనప్పుడు ఆకర్షణను పెంచాలి. అందుకు ఉన్న ఒకే మార్గం వేగంగా తిప్పడం.

ఉప్సాలాలో జరిగిన పని

స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయ ఆచార్యుడు థియోడర్ స్వెడ్‌బెర్గ్ మొదట పరిశోధించినది ప్రోటీన్లను కాదు, లోహాల కొల్లాయిడ్ ద్రావణాలను. బంగారు కొల్లాయిడ్‌లోని కణాలు మామూలు సూక్ష్మదర్శినికి అందనంత చిన్నవి. వాటి పరిమాణ విభజనను తెలుసుకోవడానికి 1923లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఉండగా, తిరుగుతున్న ద్రావణాన్ని తిరుగుతుండగానే కాంతితో పరిశీలించగల సెంట్రిఫ్యూజ్‌ను నికల్స్‌తో కలిసి రూపొందించాడు. స్వదేశానికి తిరిగి వెళ్లాక 1924లో రిండేతో కలిసి ప్రకటించిన మెరుగైన యంత్రానికే అల్ట్రాసెంట్రిఫ్యూజ్ అని పేరు పెట్టాడు. ఈ పేరులోని 'అల్ట్రా' వేగాన్ని మాత్రమే సూచిస్తుందనుకోవడం పొరపాటు. కంటికి అందని కణాలు కదులుతుండగా చూడగలగడమే ఆ యంత్రపు విశేషం.

ఆ రోజుల్లో ప్రోటీన్లకు నిర్దిష్టమైన అణుభారం ఉంటుందని చాలామంది రసాయన శాస్త్రవేత్తలు నమ్మేవారు కారు. చిన్న అణువులు గుంపుకట్టి, ఒక్కొక్క చోట ఒక్కొక్క పరిమాణంలో ఏర్పడిన కొల్లాయిడ్ కణాలే ప్రోటీన్లని వారి అభిప్రాయం. స్వెడ్‌బెర్గ్ కూడా అటువంటి మిశ్రమమే కనిపిస్తుందని ఊహించాడు. మొదట తీసుకున్న పాల కేసీన్ ఆ ఊహను బలపరుస్తున్నట్లే చెల్లాచెదురైన ఫలితాలు ఇచ్చింది. అప్పుడు హీమోగ్లోబిన్ వైపు దృష్టి మళ్లించినవాడు రాబిన్ ఫారియస్ అనే వైద్యుడు. రక్తపరీక్షలలో ఈఎస్‌ఆర్ అని నేడు అందరూ వినే ఎర్రకణాల అవసాదన పరీక్షతో ముడిపడిన పేరు ఆయనదే. కణాలు దిగే తీరును గమనించడం ఆయనకు వృత్తిలోనే అలవడిన విద్య.

హీమోగ్లోబిన్‌లో ఇనుము 0.33 శాతానికి కొంచెం ఎక్కువగా ఉంటుంది. ఒక అణువులో కనీసం ఒక ఇనుప పరమాణువు ఉండాలి కనుక దాని కనిష్ఠ అణుభారం సుమారు 16,700 అని అప్పటికే తెలుసు. స్వెడ్‌బెర్గ్, ఫారియస్ 1926లో ప్రకటించిన ఫలితం దానికి దాదాపు సరిగ్గా నాలుగు రెట్లు. అంటే ఒక అణువులో నాలుగు ఇనుప పరమాణువులు ఉన్నాయి. ఇంగ్లండులో గిల్బర్ట్ అడేర్ ద్రవాభిసరణ పీడనాన్ని కొలిచి అంతకు కొద్దికాలం ముందే చేరుకున్న అంకె కూడా అదే. అంతకంటే ముఖ్యమైనది, ద్రావణంలోని అణువులన్నీ ఒకే భారం కలవిగా కనిపించడం. ప్రోటీన్ ఒక గుంపు కాదు, ఒక అణువు అని దీనితో తేలింది. అదే 1926లో స్వెడ్‌బెర్గ్‌కు రసాయన శాస్త్రంలోను, పెర్రాఁకు భౌతిక శాస్త్రంలోను నోబెల్ బహుమతులు లభించాయి.

యంత్రంలోని కిటుకు

అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో ద్రావణాన్ని పోసే గది చాలా చిన్నది. దానికి పైనా కిందా క్వార్ట్జ్ లేదా నీలమణి పలకల కిటికీలుంటాయి. రోటర్ ఒక్కసారి తిరిగినప్పుడల్లా ఆ గది కాంతిపుంజాన్ని దాటిపోతుంది. గది గోడలు సమాంతరంగా ఉండవు. రోటర్ కేంద్రం నుండి గీసిన వ్యాసార్ధాల వెంబడి, విసనకర్ర మడతలాగా బయటికి విచ్చుకుంటాయి. అణువులు బయటికి సాగేది వ్యాసార్ధాల వెంబడే కనుక ఇలా చేయక తప్పదు. గోడలు సమాంతరంగా ఉంటే అణువులు పక్క గోడలకు తగిలి పోగుపడతాయి. ఆ చోట ద్రావణం బరువెక్కి సుడులు తిరుగుతుంది, కొలత చెడుతుంది. స్వెడ్‌బెర్గ్ తొలి ప్రయత్నాలలో ఎదుర్కొన్న పెద్ద చిక్కు ఈ సుడులే. రోటర్ వేడెక్కినా అదే జరుగుతుంది కనుక ఆయన నూనె టర్బైన్ యంత్రాల్లో రోటర్‌ను తక్కువ పీడనం గల హైడ్రోజన్‌లో తిప్పేవారు. తరువాతి యంత్రాలు శూన్యంలో తిప్పాయి. 1947లో వచ్చిన స్పింకో సంస్థ వారి మోడల్-ఈ యంత్రం ఈ పనిని ఉప్సాలా దాటించి ప్రపంచంలోని అనేక ప్రయోగశాలలకు చేర్చింది.

నిమిషానికి 60,000 చుట్లు తిరిగే రోటర్‌లో, కేంద్రం నుండి 6.5 సెంటీమీటర్ల దూరాన భూమ్యాకర్షణకు 2,60,000 రెట్ల బలం పనిచేస్తుంది. 32 సంవత్సరాలు పట్టవలసిన సెంటీమీటరు ప్రయాణం అక్కడ 65 నిమిషాలలో ముగుస్తుంది.

మొదటి మార్గం: వేగాన్ని కొలవడం

వేగంగా తిప్పినప్పుడు ద్రావణపు లోపలి అంచు దగ్గర అణువులు ఖాళీ అయి శుద్ధ ద్రావణి మిగులుతుంది. ద్రావణానికీ, ఆ ఖాళీకీ మధ్య ఒక సరిహద్దు ఏర్పడి క్రమంగా బయటికి జరుగుతుంది. దానిని అతినీలలోహిత కాంతి శోషణతో గాని, వక్రీభవన గుణకంలోని మార్పుతో గాని గుర్తిస్తారు. సరిహద్దు జరిగే వేగాన్ని అక్కడి అపకేంద్ర త్వరణంతో భాగిస్తే వచ్చేది అవసాదన గుణకం. దీని ప్రమాణం స్వెడ్‌బెర్గ్. ఒక స్వెడ్‌బెర్గ్ అంటే సెకనులో పది లక్షల కోట్ల వంతు. 7 ఎస్, 11 ఎస్ అని విత్తన ప్రోటీన్లకు, 70 ఎస్, 80 ఎస్ అని రైబోసోమ్‌లకు రాసే గుర్తులు ఇవే.

అవసాదన గుణకం అణుభారం కాదు. అణువుపై మూడు బలాలు పనిచేస్తాయి. తిప్పడం వల్ల కలిగే అపకేంద్ర బలం బయటికి లాగుతుంది. అణువు తొలగించిన ద్రావణి భారానికి సమానమైన ఉత్ప్లవన బలం లోపలికి నెడుతుంది. కదలికను ద్రావణి ఘర్షణ అడ్డుకుంటుంది. ఈ మూడూ సరితూగినప్పుడు అణువు స్థిర వేగంతో సాగుతుంది. ఘర్షణ ఎంతో తెలియనిదే భారం తెలియదు. ఘర్షణ అణువు ఆకారంపై ఆధారపడుతుంది, ఆకారం మనకు తెలియదు. స్వెడ్‌బెర్గ్ ఈ ముడిని విప్పిన తీరు సొగసైనది. అణువు దిగేటప్పుడు ఎదుర్కొనే ఘర్షణే విసరణ చెందేటప్పుడూ ఎదుర్కొంటుంది. అందుచేత విసరణ గుణకాన్ని విడిగా కొలిస్తే ఆకారాన్ని గురించి ఏ ఊహా లేకుండానే ఘర్షణ సమీకరణం నుండి తొలగిపోతుంది. మిగిలేది ఇది: అవసాదన గుణకాన్ని వాయు స్థిరాంకంతోను, పరమ ఉష్ణోగ్రతతోను గుణించి, ఆ లబ్ధాన్ని విసరణ గుణకంతోను, ఉత్ప్లవన కారకంతోను భాగిస్తే అణుభారం వస్తుంది. ఉత్ప్లవన కారకం అంటే ఒకటి నుండి, పదార్థపు పాక్షిక విశిష్ట ఘనపరిమాణాన్ని ద్రావణి సాంద్రతతో గుణించగా వచ్చిన విలువను తీసివేయగా మిగిలేది.

గుర్రపు హీమోగ్లోబిన్‌కు ఉప్సాలాలో లభించిన విలువలతో లెక్క చూడవచ్చు. అవసాదన గుణకం 4.41 స్వెడ్‌బెర్గ్‌లు. విసరణ గుణకం సెకనుకు ఒక చదరపు సెంటీమీటరులో కోటి వంతులు 6.3. గ్రాముకు ఘనపరిమాణం 0.749 మిల్లీలీటర్లు, ఉత్ప్లవన కారకం 0.2525. 20 డిగ్రీల వద్ద ఈ అంకెలు 67,500 చుట్టూ అణుభారాన్ని ఇస్తాయి. అమైనో ఆమ్లాల క్రమం తెలిసిన తరువాత స్థిరపడిన విలువ సుమారు 64,500. నాలుగు గొలుసుల సంగతే తెలియని కాలంలో చేసిన కొలతకు 5 శాతం తేడా పెద్దది కాదు.

ఈ లెక్కలో అందరూ తేలికగా తీసుకునేది ఘనపరిమాణపు అంకె. చాలా ప్రోటీన్లకు అది 0.73 దరిదాపుల్లో ఉంటుంది కనుక కొలవకుండానే వేసుకోవడం అలవాటైంది. పై ఉదాహరణలో 0.749కి బదులు ఒక్క శాతం ఎక్కువగా 0.7565 వేస్తే ఉత్ప్లవన కారకం 0.2525 నుండి 0.245కు పడిపోతుంది, అణుభారం 3 శాతం పెరుగుతుంది. ఒక శాతం పొరపాటు మూడు శాతమవుతుంది. చక్కెరలు అతుక్కున్న గ్లైకోప్రోటీన్లకు ఈ ఘనపరిమాణం తగ్గుతుంది, కొవ్వు అతుక్కున్నవాటికి పెరుగుతుంది. కొవ్వు భాగం బాగా ఎక్కువైతే కారకం రుణ సంఖ్య అయి, అణువు బయటికి దిగడానికి బదులు లోపలికి తేలుతుంది. ఉష్ణోగ్రత విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. 20 డిగ్రీల ప్రాంతంలో ఒక్క డిగ్రీ పెరిగితే నీటి స్నిగ్ధత రెండు శాతానికి పైగా తగ్గుతుంది. పిపెట్ పద్ధతిలో ఉష్ణోగ్రతను బట్టి కాలాన్ని సవరించినట్లే ఇక్కడ అవసాదన గుణకాన్ని 20 డిగ్రీల వద్ద శుద్ధ జలంలో ఉండవలసిన విలువకు సవరించి ప్రకటిస్తారు.

విసరణను కొలవకుండా అవసాదన గుణకం ఒక్కదానితోనే భారాన్ని ఊహిస్తే ఎంత దూరం పోతామో పొగాకు మొజాయిక్ వైరస్ చూపుతుంది. వెండెల్ స్టాన్లీ 1935లో స్ఫటిక రూపంలో వేరుచేసిన ఈ వైరస్ 300 నానోమీటర్ల పొడవు, 18 నానోమీటర్ల మందం గల కడ్డీ. దాని అణుభారం సుమారు 4 కోట్లు, అవసాదన గుణకం 190 స్వెడ్‌బెర్గ్‌ల ప్రాంతం. అంతే భారం గల పదార్థం నీటిని పీల్చని నున్నటి బంతిలా ఉంటే 420 స్వెడ్‌బెర్గ్‌లతో దిగేది. కడ్డీ కనుక నీటి ఘర్షణ రెట్టింపును మించింది. ఆకారం తెలియక దానిని బంతి అనుకున్నవాడు 190 అనే అంకె నుండి కోటీ ఇరవై లక్షల అణుభారమే లెక్కగడతాడు. అసలు భారంలో మూడవ వంతు కూడా లేదు. ఈ వైరస్ సోకి ఆకులు మచ్చలు పడిన మొక్కల రసాన్ని వేగంగా తిప్పి వైరస్‌ను అడుగుకు దించి శుద్ధి చేయడం 1930లలోనే మొదలైంది. మొక్కల వైరస్ పరిశోధనలో నేటికీ ఆ పద్ధతే మొదటి మెట్టు.

రైబోసోమ్‌ల గురించి విద్యార్థులు అడిగే ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. బాక్టీరియా రైబోసోమ్‌లో 50 ఎస్, 30 ఎస్ భాగాలు కలిస్తే 80 రావాలి గదా, 70 ఎందుకు వస్తుంది? భారాలు కూడుతాయి, అవసాదన గుణకాలు కూడవు. ఒకే ఆకారం గల రెండు సమానమైన బంతులు కలిసి ఒక పెద్ద బంతి అయితే భారం రెట్టింపవుతుంది, ఘర్షణా పెరుగుతుంది. అవసాదన గుణకం మాత్రం 1.59 రెట్లే అవుతుంది.

రెండవ మార్గం: సమతాస్థితి వరకు ఆగడం

తక్కువ వేగంతో, ఎక్కువసేపు తిప్పితే అణువులు పూర్తిగా అడుగుకు చేరవు. బయటికి లాగే బలం, వెనక్కి తెచ్చే విసరణ ప్రతి బిందువు దగ్గరా సరితూగి గాఢత ఇక మారని స్థితి వస్తుంది. పెర్రాఁ సూక్ష్మదర్శిని కింద చూసిన స్థితి ఇదే. ఏ కదలికా లేదు కనుక ఘర్షణ లేదు. ఘర్షణ లేదు కనుక ఆకారంతో పని లేదు, విసరణ గుణకాన్ని విడిగా కొలవనక్కరలేదు. గాఢత యొక్క లాగరిథమ్‌ను వ్యాసార్ధపు వర్గానికి ఎదురుగా గీస్తే సరళరేఖ వస్తుంది. దాని వాలు నుండి అణుభారం నేరుగా లభిస్తుంది. ఫారియస్, స్వెడ్‌బెర్గ్ హీమోగ్లోబిన్‌ను తూచినది ఈ మార్గంలోనే.

హీమోగ్లోబిన్ ద్రావణాన్ని నిమిషానికి 10,000 చుట్ల చొప్పున, కేంద్రం నుండి 7 సెంటీమీటర్ల ప్రాంతంలో 3 మిల్లీమీటర్ల స్తంభంగా తిప్పితే, సమతాస్థితిలో అడుగు గాఢత పై గాఢతకు సుమారు 4.7 రెట్లు ఉంటుంది. భూమ్యాకర్షణ కింద 10 మీటర్లలో రెండు రెట్లు రావలసిన తేడా ఇక్కడ 3 మిల్లీమీటర్లలో దాదాపు అయిదు రెట్లవుతుంది. సమతాస్థితికి పట్టే కాలం స్తంభపు ఎత్తు వర్గానికి అనుపాతంలో ఉంటుంది కనుకనే స్తంభాన్ని ఇంత పొట్టిగా ఉంచుతారు. తొలి రోజుల్లో రోజుల తరబడి ఆగవలసి వచ్చేది.

రేఖ సరళంగా రాకపోతే ఆ వంపు కూడా సమాచారమే. పైకి వంగితే ద్రావణంలో ఒకటికి మించి భారాలు ఉన్నాయి, లేదా అణువులు ఒకదానితో ఒకటి జతకడుతున్నాయి. కిందికి వంగితే అణువులు ఒకదానినొకటి దూరంగా నెట్టుకుంటున్నాయని సాధారణంగా అర్థం. మిశ్రమానికి ఏ సగటు వచ్చిందో చెప్పడం కూడా అవసరం. ద్రవాభిసరణ పీడనం అణువుల సంఖ్యను బట్టి సగటునిస్తుంది. సమతాస్థితి పద్ధతి భారాన్ని బట్టి సగటునిస్తుంది. ఒకే ద్రావణానికి రెండు పద్ధతులూ భిన్నమైన అంకెలు ఇస్తే అందులో ఒకటి తప్పు కానక్కరలేదు, అది మిశ్రమం కావచ్చు.

వేరుశనగ చెప్పే సంగతి

బఠాణీలోని లెగ్యుమిన్, విసిలిన్ అనే గ్లోబ్యులిన్లను ఆస్బర్న్ ఉప్పునీటిలో కరిగే తీరును బట్టి వేరుచేశాడు. అవి నిజంగా రెండు వేర్వేరు అణువులా, లేక ఒకే పదార్థం శుద్ధిలో తేడాల వల్ల రెండుగా కనిపిస్తున్నదా అనే సందేహాన్ని 1949లో ఉప్సాలాలో డేనియల్సన్ తీర్చాడు. అనేక పప్పుధాన్యాల గింజల రసాన్ని అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే దాదాపు అన్నింటిలోనూ రెండు సరిహద్దులు విడివిడిగా కదిలాయి. బఠాణీ లెగ్యుమిన్‌కు సుమారు 3.3 లక్షలు, విసిలిన్‌కు సుమారు 1.86 లక్షల అణుభారాలు వచ్చాయి. 11 ఎస్, 7 ఎస్ అని విత్తన ప్రోటీన్లను వర్గీకరించే సంప్రదాయానికి పునాది ఇది. సోయా చిక్కుడు మొదలు కంది వరకు అన్ని పప్పుజాతి గింజల చర్చలోనూ ఆ పేర్లు నేటికీ నడుస్తున్నాయి.

రాయలసీమ మెట్ట భూముల ప్రధాన పంట అయిన వేరుశనగలో లెగ్యుమిన్ వర్గానికి చెందినది అరాకిన్. 1916లో జాన్స్, జోన్స్ దీనిని కోనరాకిన్ నుండి వేరుచేశారు. 1950లో జాన్సన్, షూటర్ దీనిని అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో తిప్పి చూసినప్పుడు ఒక విశేషం బయటపడింది. ఉప్పు తగినంత ఉన్న ద్రావణంలో అరాకిన్ 3.3 లక్షల ప్రాంతపు అణువుగా దిగింది. ఉప్పు గాఢత తగ్గించిన కొద్దీ మెల్లగా కదిలే రెండవ సరిహద్దు కనిపించి పెరగసాగింది. దాని భారం మొదటిదానికి సగం ప్రాంతం. ఉప్పు తిరిగి చేరిస్తే సగాలు మళ్లీ జతకట్టాయి. ఇది మలినం కాదు, శుద్ధిలో లోపమూ కాదు. అరాకిన్ స్వభావమే అది.

ఇదే గింజ ప్రోటీనును ఎస్‌డీఎస్ జెల్‌పై నడిపితే 40 వేల ప్రాంతంలోను, 20 వేల ప్రాంతంలోను పట్టీలు వస్తాయి. జెల్ ఒక్కదాన్నే చూసిన విద్యార్థి అరాకిన్ అణుభారం 40,000 అని రాస్తే అతడు ముక్కను తూచి మొత్తమని చెప్పినట్లు. అల్ట్రాసెంట్రిఫ్యూజ్ నుండి 3.3 లక్షలని రాసి, ఉప్పు గాఢత రాయనివాడు చేసేదీ సగం పనే. నూనె తీసిన వేరుశనగ పిండి నుండి ప్రోటీనును వేరుచేసేటప్పుడు ఈ తేడా కాగితంపై తేడాగా మిగలదు. కరిగే గుణం, నురుగు నిలిచే గుణం, వేడికి గడ్డకట్టే గుణం అణువు జంటగా ఉందా, సగంగా ఉందా అన్నదానితో మారతాయి. మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో వేరుశనగ, నువ్వు, ఆవ ప్రోటీన్ల విడిపోయే స్వభావంపై దీర్ఘకాలం పరిశోధనలు జరగడానికి కారణం ఇదే.

హ్యూమిక్ ఆమ్లం దగ్గర వచ్చే చిక్కు

ప్రోటీన్ల విషయంలో కనీసం ఒక అణువు ఉన్నదన్న భరోసా ఉంటుంది. నేల హ్యూమిక్ ఆమ్లం దగ్గరికి వచ్చేసరికి ఆ భరోసా సడలుతుంది. ఇది గోధుమ రంగులో ఉంటుంది కనుక కనిపించే కాంతిలోనే సరిహద్దును గమనించవచ్చు, అది ఒక సౌలభ్యం. మిగిలినవన్నీ ఇబ్బందులే. క్షార ద్రావణంలో ఇది రుణావేశాలతో నిండి ఉంటుంది. భారీ అణువు వేగంగా దిగబోతే దాని వెంట ఉన్న సోడియం అయాన్లు వెనకబడి, విద్యుదాకర్షణతో దానిని వెనక్కి లాగుతాయి. అవసాదన గుణకం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. ద్రావణంలో తగినంత ఉప్పు వేసి ఈ లాగుడును అణచివేయాలి. ఉప్పు ఎక్కువైతే హ్యూమిక్ ఆమ్లం ముద్దకడుతుంది. పాక్షిక విశిష్ట ఘనపరిమాణానికి ప్రోటీన్ల విలువను అరువు తెచ్చుకోవడం కుదరదు, ప్రతి నమూనాకూ సాంద్రత కొలిచి రాబట్టవలసిందే.

అన్నింటికంటే పెద్ద ఇబ్బంది, ఇందులో ఒకే భారం గల అణువులు లేకపోవడం. కామెరాన్, థార్న్‌టన్, స్విఫ్ట్, పోస్నర్ 1972లో ప్రకటించిన పరిశోధనలో ముందుగా హ్యూమిక్ ఆమ్లాన్ని జెల్ వడపోతతోను, పొరల వడపోతతోను అనేక భాగాలుగా విడదీశారు. ఒక్కొక్క భాగానికి అవసాదనాన్ని, విసరణను విడివిడిగా కొలిచారు. వచ్చిన అణుభారాలు 2,600 నుండి 13.6 లక్షల వరకు విస్తరించాయి. విడదీయకుండా ఒక్కసారి తిప్పి వచ్చిన సగటును హ్యూమిక్ ఆమ్లపు అణుభారమని ప్రకటించడంలో అర్థం ఎంత తక్కువో ఈ విస్తృతి చెబుతుంది. బిందు సేద్యంలో వాడే హ్యూమిక్ ఉత్పత్తుల గురించి తక్కువ అణుభారం, ఎక్కువ అణుభారం అనే మాటలు వినిపించినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త మొదట అడగవలసిన ప్రశ్న, ఆ అంకె ఏ పద్ధతిలో, ఏ పీహెచ్ వద్ద, ఎంత ఉప్పులో వచ్చిందని.

1990ల నుండి అలెస్సాండ్రో పిక్కోలో తదితరులు ఈ చర్చను మరొక మలుపు తిప్పారు. హ్యూమిక్ ద్రావణానికి ఎసిటిక్ ఆమ్లం వంటి చిన్న సేంద్రియ ఆమ్లాన్ని కొద్దిగా చేరిస్తే, జెల్ వడపోతలో భారీగా కనిపించిన భాగం చిన్నదిగా కనిపించసాగింది. పెద్ద అణువు రసాయన బంధాలు తెగి ముక్కలయ్యేంత బలమైన చర్య కాదది. కనుక భారీ హ్యూమిక్ అణువు అనుకున్నది, బలహీన బంధాలతో కూడిన చిన్న అణువుల సమూహం కావచ్చునని వారి వాదన. జెల్‌లోని పదార్థానికి హ్యూమిక్ ఆమ్లం అతుక్కోవడం వల్ల కూడా అటువంటి ఫలితం రావచ్చునని ఎదుటి వాదన. అల్ట్రాసెంట్రిఫ్యూజ్ గదిలో అతుక్కోవడానికి జెల్ ఉండదు. సమతాస్థితిలో వేర్వేరు తొలి గాఢతలతో, వేర్వేరు వేగాలతో తిప్పి చూసినప్పుడు, జతకట్టి విడిపోయే సమూహమైతే ఏ గాఢత వద్ద ఎంత భారం అన్న వక్రాలన్నీ ఒకదానిపై ఒకటి పడతాయి. విడదీయరాని పెద్దా చిన్నా అణువుల మిశ్రమమైతే పడవు. అరాకిన్ జంటను గుర్తించడానికి ఉపయోగపడే పరీక్షే ఇక్కడా పనికివస్తుంది. అయితే హ్యూమిక్ ఆమ్లంలో ఈ రెండు స్థితులూ ఒకేసారి ఉండే అవకాశం ఉన్నందున, ముందుగా భాగాలను విడదీసి ఒక్కొక్కదానిపై ఈ పరీక్ష చేయవలసి ఉంటుంది.